స్వరము ఎవరిది?

పాఠ్యభాగము: ఆదికాండము 27వ అధ్యాయము



మన పల్లెల నుండి ఎందరో యౌవనులు పని వెదకుకొనుచు హైదరాబాదు తూర్పు భాగమునకు, ఉప్పల్ నాచారముల వైపునకు పోయి యున్నారు. నాచారమనగానే మనకు ఫ్యాక్టరీలు గుర్తునకు వచ్చును గాని, నందమూరి తారక రామారావుగారు తమ సినిమా స్టూడియో కట్టించినదియు అచ్చటనే. రామారావుగారి పెదవులు తెరమీద కదలుచుండగా మనము వినిన పాటలలో అనేకము ఘంటసాల వేంకటేశ్వరరావుగారివి. ఒకరి ముఖము, మరియొకరి కంఠము. ఇది మోసమా? కాదు. ఘంటసాలగారు తెలిసియే పాడిరి, పారితోషికము పుచ్చుకొనిరి, వారి పేరు తెరమీద వేసిరి. చూచువారికిని ఆ సంగతి తెలియును.

ఇప్పుడు వచ్చినది వేరు. కృత్రిమ మేధ అను కంప్యూటరు విద్య ఒకని పాత రికార్డులు విని, అతని కంఠపు తీరును, పలుకుబడిని పట్టుకొనును. పిమ్మట వేరొకడు పాడినదానిని ఆ కంఠమే పాడినట్లు మార్చును. పాడినవాడు గతించినను క్రొత్త పాట పుట్టును.

గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు 2020 సెప్టెంబరు 25న గతించిరి. 2023 నవంబరులో విడుదలైన ‘కీడా కోలా’ అను తెలుగు చిత్రములో ఆయన స్వరమును ఈ విధముగా తిరిగి కల్పించిరి. తమ కుటుంబమును అడుగలేదని కుమారుడు చరణ్‌గారు 2024లో చిత్రమువారికి లాయరు నోటీసు పంపిరి. తండ్రి స్వరము నిలిచియుండుట ఆయనకు అయిష్టము కాదు. చెప్పకుండ చేయుటయే ఆయన బాధ. ఆ దినములలోనే ఏ.ఆర్. రహ్మాన్‌గారు ‘లాల్ సలామ్’ అను తమిళ చిత్రమునకు గతించిన గాయకులు బంబా బాక్య, షాహుల్ హమీద్‌గార్ల స్వరములను వాడిరి. వారి కుటుంబముల అనుమతి తీసికొని, తగిన పారితోషికము పంపితిమని ఆయనయే తెలిపిరి. రెండుచోట్లను అదే విద్య. ఒకచోట అడిగిరి, ఒకచోట అడుగలేదని వారసులు వాపోయిరి. పొలము గట్టు జరిపినవానిని మనము పంచాయతీకి పిలుతుము గదా! కంఠము పొలముకంటె తక్కువ ఆస్తియా?

ఇది సినిమావారి గొడవ, మనకెందుకని అనుకొనవద్దు. ఇస్సాకు ఇంటికి పోయి చూడుడి. ఆయన కన్నులు మందగించెను. వచ్చినవాడు ఏశావునని చెప్పగా, ముసలివాడు ఊరక నమ్మలేదు. స్వరము యాకోబుదని గుర్తుపట్టెను. అయినను మేకపిల్లల చర్మము తడవి చూచి, వస్త్రముల వాసన చూచి, తన చెవిని త్రోసివేసెను. ఆ దినమున స్వరమొక్కటియే నిజము చెప్పెను, తక్కినవన్నియు అబద్ధమాడెను. నేడు ఆ స్వరమే అబద్ధమాడ నేర్చినది. మూడు సెకన్ల మాట వినిపించిన చాలును, ఆ కంఠముతో మాటలాడించగలమని 2023లో మైక్రోసాఫ్టు పరిశోధకులు చూపిరి. మన పిల్లలు సెల్‌ఫోనులో పెట్టు పాటలు అంతకంటె ఎన్నో రెట్లు పొడవు.

ఉప్పల్‌లోనున్న కుమారుని స్వరము తప్ప మరేమియు దక్కని తలిదండ్రులు మనలో కలరు. రాత్రివేళ ఫోను మ్రోగి, “నాన్నా, యాక్సిడెంటైంది, వెంటనే డబ్బులు పంపు, ఎవరికీ చెప్పకు” అని ఆ కంఠమే ఏడ్చినచో ఏమి చేయుదురు? ఇస్సాకు ఒక మనిషిని పొలమునకు పంపియుండిన, ఏశావు ఇంకను వేటలోనే యున్నాడని తెలిసిపోయెడిది. మీరును ఆ ఫోను పెట్టివేసి, మీయొద్ద వ్రాసియుంచుకొనిన కుమారుని నంబరుకు మీరే చేయుడి. అతడు పలుకనియెడల అతని గదిలోనివారికి చేయుడి. ఇంటిల్లపాదికి మాత్రమే తెలిసిన ఒక మాటను ముందుగానే ఏర్పరచుకొనుట ఇంకను మంచిది. అప్పటికే సొమ్ము పోయియుండిన సిగ్గుపడి దాచవద్దు. 1930 అను నంబరుకు వెంటనే ఫిర్యాదు చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారిపోవును.

మరి, గతించిన పాస్టరుగారి ప్రసంగముల రికార్డులు సంఘములో నుండినయెడల, ఆయన స్వరముతో క్రొత్త ప్రసంగము చేయించవచ్చునా? ఆయన భార్యాబిడ్డలు ఒప్పుకొందురనుకొనుడి. అప్పుడును కూడదనియే నా అభిప్రాయము. పాట ఒకరు వ్రాయగా మరియొకరు పాడుట అందరెరిగినదే. ప్రసంగమో, చెప్పినవాడు తన పేరుమీద ఇచ్చిన సాక్ష్యము. ఆయన చెప్పని మాటకు ఆయనను సాక్షిగా నిలువబెట్టుటకు వారసులకు సహితము అధికారము లేదు. ఉన్న రికార్డులను ఉన్నవి ఉన్నట్లుగా, గరగర శబ్దముతో సహా, సంఘమునకు వినిపించుడి.