హౌస్ సర్జన్ ఏడాదిని తాకట్టు పెట్టొద్దు

గార్లదిన్నె

పాపా,

ఫైనలియర్ గట్టెక్కినావని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. చాలా సంతోషం. హౌస్ సర్జన్సీలో హాజరు మాత్రం వేయించుకుని, రూములో కూర్చుని పీజీ నీట్‌కు చదువుకుంటానన్నావంట, అదీ చెప్పినాడు. దాని గురించే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే ‘సరే చిన్నాయనా’ అని పెట్టేస్తావు.

నీ భయం నాకు తెలీనిది కాదు. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు. ర్యాంకు రాకపోతే ‘ఉత్త ఎంబీబీఎస్’ అని సొంత బంధువులే చిన్నచూపు చూసే కాలమిది. అయినా పరీక్ష వచ్చే ఏడాదీ పెడతారు. ఈ ఏడాది మళ్లీ రాదు.

నేను డాక్టర్ను కాను, సర్కారు ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా బతుకంతా గడిపినోణ్ని. కొత్త డాక్టర్లు ఎంతోమంది నా కళ్లముందే వచ్చిపోయినారు. ఎవరికి చెయ్యి తిరిగిందో మొదటి నైట్ డ్యూటీలోనే తెలిసిపోయేది.

పాము కాటే తీసుకో. వేరుశనగ పీకే రోజుల్లో రక్తపింజర కరిచి కాలు వాచి వస్తారు. సిరలోంచి 2 మి.లీ. రక్తం తీసి గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా పెట్టి, అప్పుడు వంచి చూడాల. గడ్డకట్టకుంటే విషం పనిచేస్తున్నట్టు. ట్యూబు కొత్తది, పొడిగా ఉన్నది కావాల. ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగిందైనా మంచి రక్తం కూడా గడ్డకట్టక మోసం చేస్తుంది. చిగుళ్లలోంచి రక్తం కారుతుంటే ఇక ఆ పరీక్ష కోసం ఆగే పనే లేదు. ఇదంతా నీ పుస్తకంలో ఉంటుంది. అర్ధరాత్రి చుట్టూ పదిమంది ‘సూది వెయ్యండి మేడం’ అని అరుస్తుంటే ఆగాల్నా, వెయ్యాల్నా అని తేల్చుకోవడం మాత్రం డ్యూటీలోనే వస్తుంది.

కట్లపాముది ఇంకో తంతు. నేలమీద పడుకున్నోళ్లను రాత్రిపూట కరుస్తుంది. వాపుండదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. తెల్లారి కడుపునొప్పి అని వస్తారు. గ్యాస్ మాత్ర ఇచ్చి పంపితే అంతే సంగతులు. కనురెప్పలు వాలుతున్నాయేమో చూడాల, రాత్రి యాడ పడుకున్నావని అడగాల. పరీక్షలో ప్రశ్న కింద నాలుగు జవాబులు ఇస్తారు. ఆ మనిషి ‘కడుపునొప్పి’ అన్న ఒక్క మాటే ఇస్తాడు.

అందుకే క్యాజువాలిటీ, లేబర్ రూమ్ డ్యూటీలు ఎవరికీ వదులుకోవద్దు. 2000లో అనంతపురానికి మెడికల్ కాలేజీ రాకముందు మన పిల్లలు కర్నూలుకో తిరుపతికో పోవాల్సొచ్చేది. ఇప్పుడు జిల్లా అంతా వచ్చి పడే పెద్దాసుపత్రి నీ చేతికింద ఉంది. చంటిబిడ్డకు నరం దొరకబట్టడం స్టాఫ్ నర్సుల దగ్గర నేర్చుకో, నామోషీ పడొద్దు. కమ్యూనిటీ మెడిసిన్ 12 వారాలను సెలవుల్లో కలిపేసుకునేవాళ్లుంటారు. వాళ్ల జోలికి పోవద్దు.

రోగి బంధువులు మీదికొస్తే ఒంటరిగా నిలబడి వాదించొద్దు. సీనియర్‌ను పిలువు. చెడ్డ కబురు చెప్పాల్సొస్తే పక్కన ఇంకొకరిని పెట్టుకో.

మనసు బాగాలేకుంటే దాచుకోవద్దు. 2024లో జాతీయ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ అడిగితే 27.8 శాతం ఎంబీబీఎస్ పిల్లలు మానసిక సమస్య ఉందని ఒప్పుకున్నారు. అంటే మీ బ్యాచ్‌లో నాలుగు బెంచీలకు ఒక బెంచీ. 14416కు చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. నాకైనా చెయ్యి, మీ నాయనకు చెప్పను.

మీ నాయన అప్పు సంగతి నువ్వు నెత్తినేసుకోవద్దు. ఈసారి చీనీ కాపు బాగుంది, ఆయన చూసుకుంటాడు. మొదటి స్టైపెండ్ ఇంటికి పంపకుండా మెత్తటి అట్ట ఉన్న మంచి చెప్పులు కొనుక్కో. రాత్రంతా నిలబడాల. పంపినావంటే ఆ డబ్బు నేనే తిరిగి పంపిస్తా.

ఇట్లు,
మీ చిన్నాయన