సుడి కాదు, మేత చూడండి

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులకు గుర్రం తిప్పుతాను. ఒకటి కడుపునొప్పితో పోయింది. తర్వాత కొన్నదీ అలాగే పోయింది. వాటి ఒంటిమీది సుడి మంచిది కాదంటున్నారు. మళ్లీ కొనాలా?

జవాబు: రాబడి పోయిందనే కాదు, తోడు పోయిందని మీ బాధ. కానీ సుడికీ చావుకీ సంబంధం లేదు. గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు, అందుకే కడుపుబ్బితే త్వరగా ప్రాణం మీదికొస్తుంది. రెండూ ఒకేలా పోయాయంటే కారణం మీ కొట్టంలోనే ఉండొచ్చు: బూజు మేత, ఒకేసారి ఎక్కువ దాణా, నులిపురుగులు. ఊరేగింపు రాత్రి గంటల తరబడి నీళ్లు పెట్టకపోవడమూ ప్రమాదమే. (బ్యాండువాళ్లకు మాత్రం టీ అందుతుంది!)

ఇవి సరిచేశాకే కొనండి, తొందరేం లేదు. గ్లాండర్స్, సర్రా అనే జబ్బులకు రక్తపరీక్షలు ముందే చేయించండి. గ్లాండర్స్ మనుషులకూ సోకుతుంది. ఇకపై గుర్రం మేత మానేసి పొట్టవైపు తిరిగి చూస్తుంటే, తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుణ్ణి పిలవండి.