వెబ్ పేజీగా మార్చిన స్లయిడ్ పాఠములు - బ్రౌజరులో వచ్చు చిక్కులు, వాని నివారణ

తిరుపతి, చిత్తూరు జిల్లాలలో ఖరీఫ్ విత్తునకు ముందు పల్లె పల్లెన రైతు శిక్షణ సమావేశములు జరుగుచుండును. 2020 మే 30న రైతు భరోసా కేంద్రములుగా ప్రారంభమై, నేడు రైతు సేవా కేంద్రములని పిలువబడుచున్న చోట్ల ఈ పాఠములను స్లయిడ్ల రూపమున తెరపై చూపుట వాడుకలోనికి వచ్చినది. స్లయిడ్లను తయారుచేసిన సాఫ్ట్‌వేరు ప్రతి కంప్యూటరులోను ఉండదు. బ్రౌజరు మాత్రము తప్పక ఉండును. అందుచేత పలువురు గ్రామ వ్యవసాయ సహాయకులు స్లయిడ్లను వెబ్ పేజీలుగా మార్చి పంపుకొనుచున్నారు. ఆలోచన మంచిదే. కాని ఒకచోట చక్కగా కనిపించిన పాఠము మరొకచోట తెరువగానే అక్షరములు చెదరుట, బొమ్మలు మాయమగుట కద్దు.

ఇది అందచందములకు సంబంధించిన లోపము మాత్రమే కాదు. వేరుశనగలో, అనగా మన చెనక్కాయలో, సున్నము పాలు హెచ్చుగా ఉన్న నేలలందు ఇనుప ధాతు లోపము వచ్చినప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లవలెనని చెప్పుదుము. స్లయిడులో ఈ మోతాదులను పట్టికగా వేయక, ఖాళీలు కొట్టి వరుసలు కుదిర్చినచో, బ్రౌజరులో ఫాంటు మారగానే వరుసలు జారును. అప్పుడు 5 అంకె నిమ్మ ఉప్పునకు ఎదురుగా నిలుచును. తెరపై కనిపించిన దానిని రైతు తన పుస్తకములో వ్రాసికొని పోవును. కావున మోతాదులు ఎప్పుడును సిసలైన పట్టికలోనే, లేదా మందు పేరు, అంకె ఒకే వాక్యములోనే వేయవలెను.

పైరు పసుపుబారినంతనే మందు చల్లము గదా! లేత ఆకులు పసుపైనచో ఇనుము లోపమనియు, ముదురాకులు ముందుగా పసుపైనచో నత్రజని లోపమనియు ఊహింతుము. బ్రౌజరు చిక్కులకును ఇట్టి గుర్తులు కలవు.

అక్షరములు చెడుట

అన్నిటికంటె ఎక్కువగా వచ్చు చిక్కు ఇదియే. ఇందు మూడు రకములు కలవు. వీనికి మందు ఒకటి కాదు.

తెలుగు ఉండవలసిన చోట చదువ వీలులేని ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, బ్రాకెట్లు కలగాపులగముగా కనిపించినచో, ఆ పాఠము ‘అను’ ఫాంట్ల వంటి పాత పద్ధతి ఫాంటులో టైపు చేయబడినదని గ్రహింపవలెను. ఈ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను ఉంచును. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అసలు స్థానములు బయటపడును. పాఠమును యూనికోడునకు మార్చుటయే దీనికి శాశ్వత నివారణ. మార్చిన పిమ్మట అంకెలను, భిన్నములను మూల ప్రతితో సరిచూడవలెను. అంత వ్యవధి లేనిచో, ఫాంటు ఉన్న కంప్యూటరులోనే ప్రతి స్లయిడును బొమ్మగా మార్చి పంపవచ్చును.

రెండవ గుర్తు విచిత్రముగా ఉండును. నెత్తిన వాలుగీత గల ఇంగ్లీషు చిన్న ‘ఎ’ అక్షరము, దాని ప్రక్కన డిగ్రీ గుర్తు మాటిమాటికి వచ్చుచుండును. ఇక్కడ పాఠము యూనికోడులోనే భద్రముగా ఉన్నది; బ్రౌజరు దానిని వేరొక సంకేతముగా చదువుచున్నది. పేజీని నోట్‌ప్యాడులో తెరచి, పై భాగమున క్యారక్టర్ సెట్ అని ఉన్నచోట యు.టి.ఎఫ్-8 అని వ్రాసి, భద్రపరచునపుడు ఎన్‌కోడింగ్ కూడ యు.టి.ఎఫ్-8గానే ఎంచుకొనవలెను. దీనికై పాఠమును తిరిగి టైపు చేయుట వృథా శ్రమ.

ఇక వట్టి చతురస్రములు కనిపించినచో ఆ యంత్రములో తెలుగు ఫాంటు లేదు. నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంటును ఎక్కించిన చాలును.

బొమ్మలు రాకపోవుట

వెబ్ పేజీగా మార్చినపుడు సాధారణముగా ఒక ఫైలు కాక పలు ఫైళ్ళు తయారగును. బొమ్మలు తరచు ప్రక్కనున్న ఫోల్డరులో ఉండును. ప్రధానమైన ఫైలును మాత్రమే వాట్సాప్‌లో పంపినచో బొమ్మలు ఎక్కడినుండి వచ్చును? అన్నిటిని కలిపి జిప్ చేసి పంపవలెను. అందుకొన్న వారు జిప్ లోపలనే తెరువక, ముందుగా బయటకు విప్పుకొని పిమ్మట తెరువవలెను. ఫోల్డరు పేరు మార్చరాదు. సెల్‌ఫోనులో ఇట్టి పేజీకి ప్రక్క ఫైళ్ళు సరిగా అందవు గనుక ఫోనులకు పి.డి.ఎఫ్. పంపుటయే మేలు.

తన కంప్యూటరులో బాగుండి, వెబ్‌సైటులో పెట్టగానే బొమ్మలు పోయినచో ఫైలు పేర్లలో పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరములను పరిశీలింపవలెను. విండోస్ ఈ భేదమును పాటింపదు. లినక్సు సర్వర్లు పాటించును. ఎఫ్12 మీట నొక్కి కన్సోల్ చూచినచో దొరకని ఫైలు పేరు ఎఱ్ఱని అక్షరములలో కనిపించును.

పాత పేజీలు, పాత మోతాదులు

2000-2007 ప్రాంతమున పవర్‌పాయింటులో చేసిన వెబ్ పేజీలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు అనువుగా తయారైనవి. 2010 కూర్పు నుండి ఆ సదుపాయమును మెనూలోనుండి తీసివేసిరి. 2022 జూన్ 15తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 కూడ సెలవు తీసికొనెను. అట్టి పేజీలను క్రోమ్, ఫైర్‌ఫాక్సులలో సరిచేయబూనుట పుచ్చిన కాయలను విత్తుటవంటిది. మూల స్లయిడ్లు ఉన్నచో లిబ్రె ఆఫీసు ఇంప్రెస్‌లో తెరచి కొత్తగా మార్చుకొనవలెను. ఫ్లాష్ బొమ్మలున్న పాఠములు 2021 జనవరి నుండి నడువవు. వానిని వీడియోగా మార్చవలెను. ఇంప్రెస్‌లో స్లయిడ్లను బొమ్మలుగా మార్చినపుడు ఒకదాని వెనుక ఒకటి రావలసిన అంశములన్నియు ఒకేసారి కనిపించి, ఒకదానిపై నొకటి పడవచ్చును. అట్టి స్లయిడును ముందే రెండు మూడు స్లయిడ్లుగా విడదీయుట మంచిది.

మరియొక చిక్కు బయటకు కనిపించదు. వెబ్‌సైటులో పాఠమును సవరించినను, బ్రౌజరు తాను దాచుకొన్న పాత ప్రతినే చూపవచ్చును. మోతాదు సవరించిన పాఠమైనచో ఇది అన్నిటికంటె ప్రమాదకరము. కంట్రోల్, ఎఫ్5 మీటలను కలిపి నొక్కినచో కొత్త ప్రతి వచ్చును. ఫైలు పేరులోను, మొదటి స్లయిడు పైనను సవరించిన తేదీని వేయుట ఇంకను క్షేమము.

కారణము తోచనపుడు మొదట వేరొక బ్రౌజరులో, తరువాత వేరొక కంప్యూటరులో తెరచి చూడవలెను. ఒకేసారి నాలుగు మార్పులు చేయరాదు. కంట్రోలు మడి లేని ప్రయోగమువలె ఏది పనిచేసినదో తెలియకపోవును. సమావేశమునకు ముందురోజుననే, అక్కడి తెరపైననే పాఠమును తుదివరకు నడిపి, అందలి ప్రతి అంకెను కాగితముపై ముద్రించిన ప్రతితో పోల్చవలెను. ఆ కాగితమును మరుసటి రోజున వెంట ఉంచుకొన్నచో కరెంటు పోయినను పాఠము ఆగదు.