క్రమము గల పట్టికలో వెదకుట

గత వేసవి సెలవులకు ముందు మన పాఠశాల కార్యాలయమునకు ఒక పూర్వవిద్యార్థి వచ్చిరి. వారికి వయస్సు ఋజువు కావలసి యుండెను. 1965వ సంవత్సరమున, వానలు పట్టిన దినములలో, ఆరవ తరగతిలో చేరితినని మాత్రము వారికి జ్ఞప్తి గలదు. అడ్మిషను నంబరు తెలియదు. గుమాస్తాగారు రిజిస్టరును మొదటి పుటనుండి త్రిప్పలేదు. నడుమ నొకచోట తెరచిరి. అచట 1971 కనబడెను. వెనుకకు పోగా 1962 వచ్చెను. మరల ముందునకు రాగా, నాలుగైదు మార్లలోనే 1965 జూను నెల పుట దొరకెను.

ఇంత త్వరగా దొరకుటకు కారణమేమి? ఆ రిజిస్టరు తేదీల క్రమమున వ్రాయబడియుండుటయే. కంప్యూటరునకును ఇట్టి రిజిస్టరు కలదు. దానిని గూర్చి యీ పాఠమున తెలిసికొందము.

మనము దేనినిబట్టి వెదకుదుమో దానిని 'కీ' అనియు, దానికి చేరిన విషయమును 'వేల్యూ' అనియు, రెండును గూడిన జంటను 'ఎంట్రీ' అనియు అందురు. కీల క్రమమున ఎంట్రీలను నిలుపు పట్టిక జావా భాషలో 1998 నుండి కలదు. దాని పేరు ట్రీమ్యాప్. ఆబ్జెక్టు ఓరియెంటెడ్ ప్రోగ్రామింగునందు ఇట్టి పట్టిక యొక ఆబ్జెక్టు. దాని లోపలి యేర్పాటును మనము ముట్టము. అడుగవలసినది అడుగుదుము, అది బదులు చెప్పును.

ఉదాహరణమునకు మన ప్రాంతపు పిన్‌కోడులను తీసికొందము. ఈ పద్ధతి మన దేశమున 1972 ఆగస్టు 15న మొదలైనది. 504001 ఆదిలాబాదు, 504106 నిర్మల్, 504208 మంచిర్యాల, 504251 బెల్లంపల్లి, 504293 ఆసిఫాబాదు, 505001 కరీంనగరు. ఈ యారింటిని ఎట్లు కలగాపులగముగా చేర్చినను ట్రీమ్యాప్ సంఖ్యాక్రమముననే నిలుపును.

ఇప్పుడు అడిగి చూతము. గెట్ అను ప్రశ్నకు 504106 ఇచ్చిన 'నిర్మల్' అని బదులు వచ్చును. 504200 ఇచ్చినచో ఆ కీ మన పట్టికలో లేదు గనుక 'నల్', అనగా శూన్యము, వచ్చును. కాని 2006లో వచ్చిన జావా ఆరవ కూర్పునుండి మరికొన్ని ప్రశ్నలు అడుగవచ్చును. ఫ్లోర్‌ఎంట్రీ యనగా ఇచ్చిన కీకి సమానమైనది, అది లేనిచో తక్కువవానిలో పెద్దది. 504200 ఇచ్చిన నిర్మల్ వచ్చును. సీలింగ్‌ఎంట్రీ యనగా సమానమైనది, లేనిచో ఎక్కువవానిలో చిన్నది, మంచిర్యాల వచ్చును. ఫస్ట్‌ఎంట్రీ ఆదిలాబాదును, లాస్ట్‌ఎంట్రీ కరీంనగరును ఇచ్చును. సబ్‌మ్యాప్‌నకు 504000, 505000 అను హద్దులిచ్చిన మొదటి యైదు ఊళ్లును వచ్చును; క్రింది హద్దు లెక్కలో చేరును, పై హద్దు చేరదు.

ట్రీమ్యాప్ లోపల నున్నది 'ఎరుపు నలుపు చెట్టు' అను ఏర్పాటు. 1972లో రూడాల్ఫ్ బేయర్ దీనికి మూలమైన యూహను చూపెను; 1978లో గీబాస్, సెడ్జ్‌విక్ అను పండితులు ఈ పేరిడిరి. కొమ్మలు ఒక ప్రక్కకే పెరిగిపోకుండ ఈ చెట్టు తన్ను తాను సరిదిద్దుకొనుచుండును. అందుచేత పది లక్షల ఎంట్రీలలో ఒకదానిని వెదకుటకు ఎంత హెచ్చినను నలుబది పోలికలు చాలును. క్రమముతో పనిలేనిచో హ్యాష్‌మ్యాప్ అను పట్టిక సాధారణముగా ఇంకను వేగముగా పనిచేయును. కాని ముందెవరు, వెనుకెవరు అని దానిని అడుగరాదు.

ఇక మూడు జాగ్రత్తలు. మొదటిది క్రమమును గూర్చినది. తేదీలను '15-06-1965', '02-07-1971' అని అక్షరములుగా వ్రాసి కీలు చేసినచో, 02 ముందు వచ్చును గనుక 1971లో చేరిన బాలుడు 1965లో చేరినవానికి ముందు నిలుచును. సంవత్సరమును ముందు వ్రాసి '1965-06-15' అనిన ఈ చిక్కు తీరును. తెలుగు పేర్లకును ఇట్టి చిక్కే కలదు. మనము బడిలో నేర్చిన వర్ణమాలలో హకారము తరువాత ళకారము వచ్చును. యూనికోడు సంఖ్యలలో ళ, ల వెంటనే, వకారమునకు ముందే యున్నది. కాబట్టి కంప్యూటరు 'కళ'ను 'కవి'కి ముందుంచును. మన క్రమమే కావలెనన్నచో 'కంపారేటర్' అను పోల్చెడి నియమమును వ్రాసి ఇయ్యవలెను.

రెండవది: ఒక కీకి ఒక్కటే వేల్యూ. పేరునే కీగా పెట్టినచో, అదే పేరు గల రెండవ బాలుని చేర్చగానే మొదటివాని వివరము చెరిగిపోవును, కంప్యూటరు హెచ్చరింపదు. చేరిన తేదీ కీయైనను ఇంతే, ఒక్కనాడే పలువురు చేరుదురు గదా! అందువలన అడ్మిషను నంబరునైనను కీగా పెట్టవలెను, లేదా తేదీకి ఒక్క పేరుగాక పేర్ల జాబితాను వేల్యూగా నియ్యవలెను.

మూడవది యన్నిటికంటె ముఖ్యము. ఫ్లోర్‌ఎంట్రీ ఇచ్చునది దగ్గరిది. అడిగినదే యని చెప్పజాలము. వచ్చిన కీని మరల సరిచూచుకొనవలెను.

మన పూర్వవిద్యార్థి విషయమున నిట్లే జరిగెను. జూను పుటలో వారి పేరే కనబడెను. వారి ముఖము వికసించెను. కాని తండ్రి పేరు వేరు, ఊరు వేరు. గుమాస్తాగారు ఆ పుట ప్రతి వ్రాసి ఇయ్యక, జూలై వరకు వరుసగా చూచిరి. జూలై రెండవ వారమున అదే పేరు, సరియైన తండ్రి పేరు, సరియైన ఊరు దొరకినవి. పుట్టిన తేదీ యచట సిరాతో స్పష్టముగా నుండెను. తొందరపడి మొదటి పుట ప్రతినే ఇచ్చియున్నచో, మరియొకరి వయస్సు వారి కాగితములలో నిలిచిపోయెడిది.