నొక్కకముందు చదువుము

తెనాలి,
కార్తీక శుద్ధ విదియ

చిరంజీవి రఘురామునకు నీ పెద్దమామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

హనుమకొండలో నీవు డీటీపీ దుకాణము తెరచిన సంగతియు, దసరా వెళ్లకమునుపే శుభలేఖల బేరములు రాసాగిన సంగతియు నీ యుత్తరము వలన తెలిసి ఇక్కడ అందరము మిక్కిలి సంతోషించితిమి. సెల్లుఫోనుల కాలములో కాగితముమీద కలము పెట్టి పెద్దలకు జాబు వ్రాయువాడవు మన ఇంట నీవొక్కడవే యగుటచేత, మీ అత్త దానిని నాచేత చదివించుకొని విని దేవుని అలమరలో దాచినది. అయితే ఆ జాబు తుదిని, "సాఫ్టువేర్లన్నీ ఫ్రీగానే ఎక్కించేశాను మామయ్యా, పైసా ఖర్చు లేదు; యాంటీవైరస్ ఒకటే గోల పెడుతుంటే ఆపేశాను" అని నీవు తేలికగా వ్రాసి విడిచిన మాట నాకు రాత్రి నిద్ర లేకుండ చేసినది. మీ అమ్మను ఫోనులో కదిపి చూడగా, పేజీలు కట్టు సాఫ్టువేరును, ఫోటోలు దిద్దు సాఫ్టువేరును ఎవరో మిత్రుడు పెన్‌డ్రైవులో "క్రాకు"తో సహా ఇచ్చినాడనియు, తక్కినవానిని నెట్టులో పచ్చని బొత్తము ఎక్కడ కనబడిన నక్కడ నొక్కి దింపుకొంటివనియు తేలినది. కోపపడి వ్రాయుటలేదు, నాయనా. అడ్వాన్సు, ప్రింటరు, ఇన్వర్టరు, కుర్చీలు ఇన్నియు కొన్న పిమ్మట నీ చేత మిగిలినదెంతయో నాకు తెలియును.

ఉచితముగా వచ్చునదంతయు మోసమని నొక్కి చెప్పు ముసలివారిలో నేను చేరను. 1980 ప్రాంతమున అమెరికాలో ఎమ్.ఐ.టి. వారి ప్రయోగశాలకు ఒక లేజరు ప్రింటరు వచ్చినది. అందులో కాగితము తరచుగా ఇరుక్కొనెడిది. రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రామరు, కాగితమిరికిన వెంటనే దాని కొరకు కాచుకొని యున్నవారందరకు కబురు చేరునట్లు ప్రోగ్రామును దిద్దదలచి దాని మూలమును, అనగా సోర్సుకోడును, అడుగగా, రహస్యముగా ఉంచెదనని ఒప్పందము వ్రాసి ఇచ్చితినని చెప్పి ఆ మూలము గల మనిషి ఇయ్య నిరాకరించినాడు. ప్రెస్సులో ఇరికిన కాగితమును పీకుచు యంత్రమును తిట్టుచు బ్రతుకు వెళ్లబుచ్చిన నాబోటివానికి స్టాల్‌మన్ కోపము పుస్తకము చదువకుండగనే అర్థమగును. అతడు 1983లో గ్నూ అను స్వేచ్ఛా సాఫ్టువేరు సంకల్పమును ప్రకటించి, 1985లో దానికొక సంస్థను స్థాపించి, 1989లో జీపీఎల్ అను లైసెన్సును వెలువరించినాడు: ఎవరైనను ఏ పనికైనను వాడుకొనవచ్చును, మూలమును చదువవచ్చును, దిద్దవచ్చును, నలుగురికి పంచవచ్చును, పంచునపుడు మాత్రము తనకు దక్కిన హక్కులనే ఎదుటివానికిని ఇయ్యవలెను. ఈ దారిని నడచినవారు ఇచ్చిన సొమ్మును వాడుకొనుటకు నీవు ఎవరికిని భయపడనక్కరలేదు, దొంగతనముగా తలుపు వేసికొననక్కరలేదు.

నీ దుకాణపు పనికి చాలినవి ఈ త్రోవలోనే దొరకును. పేజీలు కట్టుటకు స్క్రైబస్ ఉన్నది, పాత 1.4 రూపములో మన ఒత్తులు విడివిడిగా చెదరి ప్రాణము తీసెడివి గాని, ఇప్పటి 1.6లో చక్కగా కూడుచున్నవి, అచ్చునకు కావలసిన నాలుగు రంగుల పీడీఎఫ్‌ను కూడ అది ఇచ్చును. శుభలేఖల పూలకు, లతలకు ఇంక్‌స్కేప్. ఫోటోలకు బర్క్లీలో ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టిన గింప్. అర్జీలకు, లెక్కలకు లిబ్రెఆఫీసు. అక్షరములకు సిలికానాంధ్ర వారు బహిరంగ లైసెన్సుతో విడిచిన మండలి, రామభద్ర, గిడుగు, ధూర్జటి మొదలగునవి గూగుల్ ఫాంట్సులో కలవు. వానిని శుభలేఖకైనను సినిమా పోస్టరుకైనను వాడుకొనవచ్చును, ఫాంటును ఫాంటుగా విడిగా అమ్ముకొనరాదు, అంతే. వీనిలో లోపము లేదని నిన్ను మభ్యపెట్టను. పాత బేరగాడెవడైన పదేండ్లనాటి పేజ్‌మేకరు ఫైలు తెచ్చినపుడు లిబ్రెఆఫీసు దానిని కొంతవరకు తెరచును గాని, యూనికోడు కాని ఆ పాత ఫాంటు లేనిదే తెలుగునకు బదులు ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కలగాపులగముగా కనబడును. అట్టి పని వచ్చినపుడు ఆ ఫాంటును కొనుము, లేదా వచ్చిన పనిని వినయముగా వదలుకొనుము. దుకాణములో నీకు తోడుండు సరళ, అక్షరములను దిద్దుటలో నీకంటె నేర్పరి యని విన్నాను. క్రొత్త సాఫ్టువేరును ఆమె చేత ముందుగా పట్టించుము, నీకు తొందర యెక్కువ.

ఉచితమను పేరు గలవన్నియు ఒక్క జాతివి కావు. కొన్ని నెలనాళ్లు వాడి చూచి పిమ్మట కొనుమనునవి. కొన్ని ఇంటిలో సొంతమునకు వాడుకొన్న ఉచితము, వ్యాపారమునకు వాడిన రుసుము చెల్లింపుమనునవి. దూరమునుండి ఇతరుల కంప్యూటరును నడపుటకై అందరును వాడు టీమ్‌వ్యూయర్ ఈ కోవకు చెందినదే. ఇంటిలో కూర్చుండి నీ మేనత్త కంప్యూటరును సరిచేసిన తప్పులేదు. గుమాస్తాను పెట్టుకొని బిల్లు వ్రాయుచు వాడితివా, అది వేరు సంగతి. ఈ భేదమంతయు లైసెన్సు అను పుటలో వ్రాసియే యుండును. ఆ పుటను చదువకుండ "ఒప్పుకొంటిని" అని చెప్పువాడు చదువకుండ దస్తావేజుపై సంతకము పెట్టినవానికంటె తెలివిగలవాడేమి కాడు.

ఇక లైసెన్సు కొనకుండ సాఫ్టువేరును నడపనిచ్చు క్రాకుల విషయము. 1957 నాటి మన కాపీరైటు చట్టమునకు 1984లో సవరణ చేసి కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతులలో చేర్చినారు. పిమ్మట చేరిన 63బి సెక్షను ప్రకారము, దొంగప్రతి యని తెలిసియు దానిని వాడువానికి ఏడు దినములకు తక్కువ కాకుండ మూడేండ్ల వరకు ఖైదు, ఏబదివేలకు తక్కువ కాకుండ రెండు లక్షల వరకు జరిమానా. లాభాపేక్ష లేని వాడుకకు న్యాయస్థానము కొంత మినహాయింపు చూపవచ్చునట. నీది వ్యాపారము, ఆ దయ నీకు వర్తింపదు. నేను కంపోజిటరుగా ఉన్న దినములలో ఒకనాటి రాత్రి, షట్టరు దింపు వేళకు, ఒక పెద్దమనిషి సంచిలో మరొకరి పాఠ్యపుస్తకపు గైడును తెచ్చి, పరీక్షలు దగ్గరపడినవి, తెల్లవారులు నడపి వేయి ప్రతులు కొట్టి యిచ్చిన కూలి రెట్టింపు ఇచ్చెదనని బల్లపై నోట్లు పరచినాడు. ఆ నెల మాకు జీతములు కూడ సరిగా లేవు. మా యజమాని ఆ నోట్లవంక చూడనైన చూడక, "అయ్యా, ఇది రాసినవాడు కూడా మన ఊరివాడే, రేపు బజార్లో నాకెదురొస్తాడు" అని సంచి నందించి పంపివేసినాడు. మాకు నచ్చలేదు, చాలినంత గొణిగితిమి. ఆ యజమాని దహనమునకు ఊరిలోని గ్రంథకర్తలందరు వచ్చినారని మాత్రము నీకు చెప్పవలెను.

నేను అసలు వ్రాయదలచినది ఇది కాదు. చట్టమును గూర్చి నీకు ఎవరైనను చెప్పగలరు. నా భయమంతయు నీ కన్నులను గూర్చి. నీవు చూచెదవు గాని చదువవు, చిన్ననాటినుండియు అంతే. లెక్క సగము చూచి జవాబు చెప్పువాడవు, అదియు తరచుగా సరియైన జవాబే కావడము నీ దురదృష్టము. గింప్ కావలెనని గూగుల్‌లో వెదకినపుడు అన్నిటికంటె పైన వచ్చునది తరచుగా ప్రకటన. దానిపై "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరములలో వ్రాసియుండును. 2022లో ఇట్టి ప్రకటన యొకటి గింప్ వారి అసలు చిరునామానే పైకి చూపుచు, నొక్కినవారిని మాత్రము దానిని పోలిన వేరొక చిరునామాకు చేర్చి, సంకేతపదములను దొంగిలించు ప్రోగ్రామును వారి నెత్తిన రుద్దినది. కావున పుట తెరచుకొన్న తరువాత పైనున్న చిరునామాను మరల చదువుము. కుడినుండి ఎడమకు చదువుము. డాట్ ఆర్గ్ అనునదానికి ముందున్న మాట యేది? గింప్ అను మాటలో అదనముగా ఒక అక్షరము దూరినదా? ఎల్ అక్షరమునకు బదులు ఒకటి అంకె యున్నదా? ఓ అక్షరమునకు బదులు సున్న యున్నదా? ఆర్, ఎన్ అను రెండక్షరములు ఒకదానినొకటి ఒరసికొని ఎమ్ వలె కనబడుచున్నవా? లిబ్రెఆఫీసు డాట్ ఆర్గ్, వీడియోలు ఆడించు వీ.ఎల్.సి. వారి వీడియోల్యాన్ డాట్ ఆర్గ్, ఇంక్‌స్కేప్ డాట్ ఆర్గ్: వీనిని ఒక అట్టముక్కపై వ్రాసి మానిటరు ప్రక్కన అంటించుము. సరళను ఆ అట్టముక్క చదువుమని చెప్పి, నీవు తెరమీది అక్షరములను సరిచూడుము. ఒకరు బిగ్గరగా చదువగా వేరొకరు చూచినగాని ప్రూఫు శుద్ధికాదని నా నమ్మకము. నవ్వుము, పరవాలేదు, కాని చేయుము.

మా యౌవనములో తెనాలిలో ఒక ప్రెస్సున శుభలేఖ యొకటి అచ్చయినది. ముహూర్తము "రా. 2-14" అని వ్రాతప్రతి; అచ్చయినది "ప. 2-14". ఒక్క అక్షరము. రాత్రి వంటకు మాత్రమే బియ్యము కొలిచి పెట్టుకొన్న పెండ్లివారింటికి, మిట్టమధ్యాహ్నమునకే పొరుగూళ్ల బంధువులు బండ్లలో దిగనారంభించినారు. వంటవాండ్రింకను రాలేదు. పెండ్లికూతురి తండ్రి, పాపము, వీధి వీధి తిరిగి అరటికాయలు, కందగడ్డలు ఏరుకొని వచ్చి ఆపూటకు గండము గడపినాడు. ఆ శుభలేఖను ప్రెస్సులో ఎందరో చూచినారు, చదివినవాడు లేడు. ఆ పెండ్లికి మీ తాతగారును వెళ్లి ఆకలితో నకనకలాడి వచ్చినవారే, మీ అమ్మను అడుగుము, ఇప్పటికిని నవ్వును.

దింపిన ఫైలును కూడ చదువవచ్చును. లిబ్రెఆఫీసు, వీ.ఎల్.సి. వంటివారు ప్రతి ఫైలుతోపాటు ఎస్‌హెచ్‌ఏ-256 అను 64 గుర్తుల వరుసను ప్రకటింతురు. విండోసులో సర్ట్‌యుటిల్ అను ఆదేశముతో నీవు దింపినదానికి ఆ వరుసను తీసి పోల్చుకొనుము. ఫైలులో ఒక్క బిట్టు మారినను వరుస రూపే మారిపోవును. అసలు చోటునకే కన్నము పడినపుడు ఇదియు చాలదు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అను ఆపరేటింగు సిస్టము వారి వెబ్‌సైటులో దొంగలు జొరబడి దింపుకొను లంకెను మార్చివేసినారు; ఆ దినమున ఆ మార్చిన లంకెనుండి దింపుకొన్నవారికి దొడ్డిదారి పెట్టిన ప్రతి దక్కినది. అందుచేత డిజిటలు సంతకము గల చోట దానిని కూడ సరిచూడవలెను. ఎక్కించునపుడు "నెక్స్ట్, నెక్స్ట్" అని గబగబ నొక్కక, ప్రతి గడిలోను టిక్కు పెట్టి యున్నదా, అదనముగా ఏదేని టూల్‌బారు, వేరొక ప్రోగ్రాము అంటగట్టుచున్నారా చూడుము. చదువుట యెంత పనిచేయునో తెలియుటకు ఒక్క మాట: 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయెండ్ అను ఇంజనీరు, తన యంత్రములో లాగిన్ అగుటకు అర సెకను ఎక్కువ పట్టుచున్నదేమని తరచి చూచి, ఎక్స్‌జెడ్ అను ఉపకరణములో ఎవరో దాచిపెట్టిన దొడ్డిదారిని బయటపెట్టినాడు. మూలము అందరకు తెరచియుండుట వలననే అతడు తుదిదాక చదువగలిగినాడు. అర సెకను, నాయనా! మన కంటికి రెప్పపాటు.

యాంటీవైరసును ఆపివేయుమని చెప్పు ప్రోగ్రాము నిన్నేమి కోరుచున్నదో ఆలోచించితివా? క్రాకుల వెంబడి వచ్చి ఫైళ్లన్నిటికి తాళము వేసి, తెరచుటకు సొమ్మడుగు "స్టాప్" వంటి పురుగులు ఉన్నవి. నీ కంప్యూటరులో ఊరివారి ఆధార్ ప్రతులు, పాన్ కార్డులు, పెండ్లికూతుండ్ర ఫోటోలు ఉన్నవి. అవి నీవి కావు. నిన్ను నమ్మి ఇచ్చినవి.

అందువలన ఈ యుత్తరము అందిన దినముననే పని ఆపుము. బేరగాండ్ర చిత్రములు, పత్రములు మాత్రము వేరొక డిస్కులోనికి తీయుము. డాట్ ఈఎక్స్‌ఈ అను తోక గలది ఒక్కటియు తీయకుము. విండోసును, కొన్న లైసెన్సున్న సరే, లేకున్న ఉచితముగా దొరకు ఉబుంటును, మొదటినుండి క్రొత్తగా ఎక్కించుము. బ్యాంకు, ఈమెయిలు సంకేతపదములను ఆ కంప్యూటరునుండి గాక నీ ఫోనునుండి మార్చుము. విండోసులోనే వచ్చు డిఫెండరును ఆపకుము. భారత ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రము వారు పురుగులను ఏరివేయు ఉపకరణములను ఉచితముగానే ఇత్తురు. ఖాతాలో ఒక్క రూపాయి తేడా కనబడినను 1930కి వెంటనే ఫోను చేయుము, రేపటికి వాయిదా వేయకుము. రెండు దినముల బేరము పోయిన పోవుగాక. సరళ ఆరోగ్యము జాగ్రత్త. నీవు రాత్రి పదింటికి దుకాణము కట్టి ఇంటికి పోయి అన్నము తినుము.

ఇట్లు,
నీ పెద్దమామయ్య

తా.క. క్రొత్త హార్డుడిస్కు నిమిత్తము ఐదువేలు మీ అమ్మ ఖాతాకు పంపితిని. అది అప్పు కాదు, తిరిగి పంపవలదు.