గడ్డిలో ఉన్న చిన్న పిట్ట ఏదో గుర్తుపట్టడం

మన హాస్టలు వెనక గడ్డిలో తిరిగే పిట్టలను అందరూ పిచ్చుక పిల్లలు అంటున్నారు. కావు. పిచ్చుకకి గింజలు కొట్టే లావు ముక్కు ఉంటది. వీటి ముక్కు సూదిలాగ సన్నగా ఉంటది. ఇవి పురుగులు, సాలీళ్ళు ఏరుకొని తింటాయి. ఇంగ్లీషులో వార్బ్లర్లు అంటారు. మన దగ్గర మూడు రకాలున్నాయి.

ఏషీ ప్రినియా సులువు. వీపు బూడిద రంగు, పొట్ట లేత ఇటుక రంగు, కన్ను ఎర్రగా ఉంటది. తోక పొడుగు. పొదలోంచి ఎగిరితే చిటికెలు వేసినట్టు చప్పుడు వస్తది. గుడ్లు కూడా ఇటుక రంగే, నూనె రాసినట్టు మెరుస్తాయి.

ప్లెయిన్ ప్రినియాకి కూడా తోక పొడుగే. ఒళ్ళంతా మట్టి రంగు, చారలు ఉండవు. కంటి పైన తెల్లటి గీత చూడండి. జొన్న చేలల్లో మీరు చూసే ఉంటారు.

మూడోది కష్టం. జిట్టింగ్ సిస్టికోలా. పాత పుస్తకాల్లో స్ట్రీక్డ్ ఫాన్‌టెయిల్ వార్బ్లర్ అని ఉంటది. పొడవు 10 సెంటీమీటర్లే. వీపు మీద నల్ల చారలు, పొట్టి తోక, తోక చివర తెలుపు. కానీ గడ్డిలో కూర్చుంటే ఇవేవీ కనపడవు. అందుకని పైకి చూడాలి. వానాకాలంలో మగది గడ్డి మీద పైకి లేచి, ఊగుతున్నట్టు ఎగురుతూ జిట్, జిట్, జిట్ అంటది. ఒక్కో ఊపుకి ఒక్కో జిట్. పేరు పెట్టినోళ్ళు మంచిగ విన్నారు! గడ్డిలోకి దిగి మాత్రం వెతకొద్దు, గూడు తొక్కుతాం.

ఇదంతా ఎందుకంటే, వచ్చే ఆదివారం శ్రమదానంలో గడ్డి కోస్తాం. పాములొస్తాయని వార్డెన్ మేడం చెప్పింది నిజమే. ఏషీ ప్రినియా పొదలో ఆకులు కుట్టి గూడు పెడతది, పొద నరకకపోతే దానికేం కాదు. ప్లెయిన్ ప్రినియా గూడు పొడుగు గడ్డికి, పొదలకి సంచిలాగ వేలాడతది, చూసి కోయొచ్చు. జిట్ పిట్ట మాత్రం నిలబడున్న పచ్చి గడ్డినే సాలీడు దారంతో దగ్గరకు లాగి, కింద గూడు కట్టుకుంటది. కొడవలి పెట్టేదాకా అక్కడ గూడుందని తెలియదు.

ఇప్పుడు అది ఎగురుతున్నది బోరింగు పక్క మూలలోనే. మేడం గారూ, దారి పక్క, బాత్‌రూంల పక్క గడ్డి మొత్తం కోసేస్తాం. ఆ మూల ఒక్కటి ఆపండి. గుడ్లు పొదగడానికి సుమారు 12 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. దసరా సెలవులకి ముందు కోస్తే సరిపోతది, ఆ కోత మా తొమ్మిదో తరగతి వాళ్ళమే కోస్తాం.