లింకు తెలిసినంత మాత్రాన ఫైలు ఇవ్వొద్దు
వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్లు: చేయవలసినవి - చేయకూడనివి

తెలంగాణ ఇంటర్ బోర్డు, ప్రభుత్వ పరీక్షల విభాగం, పబ్లిక్ సర్వీస్ కమిషన్ మూడూ హైదరాబాద్ నాంపల్లిలోనే ఉన్నాయి. ఫైలు చేతులు మారితే ఏమవుతుందో 2023లో ఇక్కడే చూశాం. కమిషన్ కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్ నుంచి ప్రశ్నపత్రాలు బయటికి పోవడంతో, 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను 2023 మార్చి 17న రద్దు చేశారు. 503 పోస్టుల కోసం ఏళ్ల తరబడి చదివిన లక్షల మంది మళ్లీ మొదటికొచ్చారు.

ఆ ఫైళ్లు పోయింది ఆఫీసు లోపలి కంప్యూటర్ నుంచి. వెబ్ సర్వర్‌కైతే ప్రపంచమంతా గుమ్మమే. ఆబిడ్స్ జీపీవోలో రిజిస్టర్డ్ కవరు ఇచ్చే ముందు మనిషెవరో చూసి, సంతకం పెట్టించుకునేవారు. మెమో, హాల్‌టికెట్, జీతం స్లిప్పు ఇచ్చే సర్వర్ కూడా అంత జాగ్రత్తగానే ఉండాలి. కాలేజీ, కోచింగ్ సెంటర్, ఆడిటర్ ఆఫీసు సైటు చూసుకునేవారికి ఈ సూచనలు.

చేయవలసినవి

1. ప్రైవేటు ఫైళ్లను వెబ్ ఫోల్డరు బయట పెట్టండి. లాగిన్ సరిచూసిన ప్రోగ్రామే వాటిని తెచ్చి ఇవ్వాలి.

2. ప్రతి డౌన్‌లోడ్‌కూ రెండు ప్రశ్నలు వేయించండి: అడిగిందెవరు? ఈ ఫైలు వారిదేనా? చాలా సైట్లు మొదటి ప్రశ్నతోనే ఆగిపోతాయి. అప్పుడు లాగిన్ అయిన ఏ విద్యార్థైనా లింకులో నంబరు ఒకటి మార్చి పక్కవాడి మెమో తీసుకోగలడు.

3. ఫోల్డరు జాబితా కనిపించకుండా చేయండి. అపాచీలో 'ఆప్షన్స్' వరుసలో 'ఇండెక్సెస్' ముందు మైనస్ గుర్తు పెడితే చాలు. ఎన్‌జిన్ఎక్స్‌లో 'ఆటోఇండెక్స్' ఆఫ్‌లో ఉండాలి.

4. లింకు పంపక తప్పకపోతే, కొద్ది నిమిషాల్లో గడువు తీరేలా సర్వర్ సంతకం చేసిన లింకు ఇవ్వండి.

5. ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలు తీసుకున్నారో లాగ్ రాయించండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు దాచాలి.

6. ఒకే చోటి నుంచి నిమిషానికి వందల డౌన్‌లోడ్లు అడిగితే ఆపేలా హద్దు పెట్టండి.

7. ఉద్యోగం మానేసినవారి లాగిన్ ఆ రోజే తీసేయండి.

చేయకూడనివి

1. లింకు ఎవరికీ తెలియదులే అనుకోవద్దు. ఒకసారి వాట్సాప్ గ్రూపులో పడ్డ లింకు ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

2. రోబోట్స్ ఫైల్లో రహస్య ఫోల్డరు పేరు రాయొద్దు. ఆ ఫైలును ఎవరైనా తెరిచి చూడొచ్చు. దాచినచోటు మనమే చూపించినట్టవుతుంది.

3. హాల్‌టికెట్ నంబరుకు పుట్టినతేదీ జోడించి, అదే పాస్‌వర్డ్ అనుకోవద్దు. క్లాసులో సగం మందికి ఆ రెండూ తెలుసు.

4. బ్యాకప్ జిప్‌లు, డేటాబేస్ కాపీలు వెబ్ ఫోల్డర్లో వదిలేయొద్దు. గాలించేవాళ్లు ముందు వెతికేవి అవే.

5. బ్రౌజర్ పంపిన ఫైలు పేరును సరిచూడకుండా సర్వర్‌లో తెరవొద్దు. రెండు చుక్కలు, ఒక గీత చేర్చి పై ఫోల్డర్లలోకి ఎక్కేస్తారు.

6. ఆఫీసంతటికీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ వద్దు. తప్పు జరిగిన రోజు ఎవరు చేశారో తేలదు.

ఫైళ్లు బయటపడితే

ముందు ఆ దారి మూసేయండి. లాగ్‌లు చెరపకండి, దర్యాప్తుకు అవే ఆధారం. సంగతి తెలిసిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలపాలి. ఎవరి వివరాలు పోయాయో వారికీ చెప్పండి, దాచిపెట్టొద్దు. వ్యక్తిగత సమాచారానికి తగిన రక్షణ కల్పించకపోతే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చంటోంది.

ఈరోజే ఒక పరీక్ష చేయండి. మీ సైటులోని ఒక మెమో లింకు కాపీ చేసుకుని, లాగౌట్ అయి, వేరే ఫోన్‌లో తెరవండి. తర్వాత ఇంకొకరి లాగిన్‌తో తెరవండి. రెండుసార్లూ తలుపు తెరుచుకోకూడదు. ఏ ఒక్కసారి తెరుచుకున్నా, ఆ సంగతి తేలేదాకా ఇంటికి వెళ్లొద్దు. ఆ మెమో మీద ఉన్న పేరు ఒక పిల్లవాడిది. మనల్ని నమ్మే అతను తన వివరాలన్నీ ఇచ్చాడు.